నాలుగో సూత్రం, మూడు ఊపిరులు

సెలవులు దగ్గర పడగానే, బరువు పెరగకుండా కాపాడే పది సూత్రాలు అచ్చు వేసిన కాగితం ఒకటి ఏటా నా చేతికి వచ్చి చేరుతుంది. అందులో తొమ్మిదింటిని పెద్ద మనసుతో క్షమించగలను కానీ నాలుగోది నా వల్ల కావడం లేదు: "ఎవరైనా ఇంకొంచెం వడ్డించబోతే, చిరునవ్వుతో, వారి మనసు నొచ్చుకోకుండా, కారణం వివరించి, నిరాకరించండి." ఇది రాసిన మహానుభావుడి ఊపిరితిత్తులు రెండూ నిక్షేపంగా ఉన్నాయని తేల్చడానికి ఊపిరి బలం కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష అక్కర్లేదు, ఆ వాక్యంలోని కామాలు లెక్కపెడితే చాలు.

నేను పన్నెండేళ్లుగా సీఓపీడీతో, అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు మూసుకుపోయే దీర్ఘకాలపు జబ్బుతో, కాపురం చేస్తున్నవాణ్ణి. మొన్నటి సెలవుల్లో ఈ సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటించాలని సంకల్పించి మా వదిన ఎదుట భోజనానికి కూర్చున్నాను. "చాలా బాగుంది వదినా, కానీ కడుపు నిండితే నాకు ఊపిరి ఆడదు" అన్న వాక్యాన్ని ముందే సిద్ధం చేసుకున్నాను. నా లెక్కన అది మూడు ఊపిరుల దూరం. మింగేటప్పుడు ఎవరికైనా ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది. ఆరోగ్యవంతుడికి అది చిల్లర ఖర్చు, నాకు అప్పు. ఆ అప్పు తీరకముందే గరిటె పళ్లెం మీదికి వచ్చింది. "చాలా..." అన్నాను, గాలి అయిపోయింది. "చాలా కావాలా? అడగడానికి మొహమాటమెందుకయ్యా!" అంటూ వదిన ఒకటికి రెండు గరిటెలు వేసింది. ఊపిరి కూడదీసుకుని "కానీ..." అన్నాను. కానివ్వమంటున్నాననుకుని ఆవిడ మూడోది కానిచ్చింది. "కడుపు..." అనేసరికి, "నిండా తినాలి మరి!" అని పక్కనున్న బావగారు నా వాక్యాన్ని పూర్తిచేసి పుణ్యం కట్టుకున్నారు. "ఊపిరి" అనే మాట దాకా నేను చేరుకునేసరికి పళ్లెంలో చోటు లేదు.

నిజానికి మితంగా తినవలసిన అవసరం ఆ కాగితం రాసినవారికంటే నాకే ఎక్కువ. దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లోంచి గాలి పూర్తిగా బయటికి పోదు. అవి ఉబ్బిపోయి, వాటి కింద గుమ్మటంలా ఉండి ఊపిరి ఆడించే ఉదరవితానం (డయాఫ్రం) అనే కండరాన్ని పళ్లెంలా చదును చేస్తాయి. ఆ కాస్త చోటులోకి కింది నుంచి నిండిన కడుపు తలదూరుస్తుంది, పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు దానికి తోడవుతుంది. తినబోయే ముందు కాసేపు విశ్రాంతి తీసుకోవాలని, నిటారుగా కూర్చోవాలని, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలని, ఉప్పు తగ్గించాలని చెప్పడానికి ఒక్క వాక్యం సరిపోతుంది. పాపం, ఆ కాగితంలో చోటంతా చిరునవ్వుకే సరిపోయింది.

ఐదో సూత్రం ప్రకారం భోజనం కాగానే అరగంట చురుకుగా నడవాలి. ఆయాసాన్ని కొలిచే ఎంఎంఆర్‌సీ స్కేలులో 0 నుంచి 4 వరకు మెట్లుంటాయి. చదును నేల మీద వంద మీటర్లు నడిచి ఆగిపోయేవాడిది మూడో మెట్టు, బట్టలు మార్చుకున్నా ఆయాసపడేవాడిది నాలుగోది. మూడో మెట్టు మీద నిలబడి నేను ఐదో సూత్రాన్ని భక్తిగా చూస్తూ ఉంటాను.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. "కదలకుండా కూర్చుంటే లావెక్కక ఏమవుతారు?" అనే పెద్దమనుషుల దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు. జబ్బు ముదిరినప్పుడు ప్రాణం నిలబెట్టడానికి ఇచ్చిన ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ మందు ఆకలిని రెట్టిస్తుంది, ఒంట్లో నీరు పట్టిస్తుంది, ముఖాన్ని ఉబ్బిస్తుంది. ఆ ముఖాన్ని చూసి మీరు బద్ధకమని తీర్పు చెబుతారా? రెండు మూడు రోజుల్లోనే బరువు పెరిగి, చీలమండలు వాచాయంటే తిండిని తిట్టుకుంటూ కూర్చోకుండా వెంటనే డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే అది గుండె అలసిపోతోందన్న కబురు కావచ్చు. ఈ మాట మీ పది సూత్రాల్లో ఎక్కడుంది? నా జబ్బే ఉన్న మరొకాయన ఊపిరి పీల్చడానికే ఒంట్లో శక్తి కరిగిపోయి ఎముకల గూడైతే, "సెలవుల్లోనూ చిక్కారే, ఏం డైటండీ?" అని అభినందించినవాళ్లను నేను కళ్లారా చూశాను. ఈ జబ్బులో ప్రాణానికున్న ముప్పును అంచనా వేయడానికి 2004లో వెలువడిన బోడ్ సూచీలో బీఎంఐ 21, అంతకంటే తక్కువ ఉంటే ముప్పు లెక్కలో ఒక పాయింటు కలుస్తుంది. మీరు చప్పట్లు కొట్టింది ఆ ముప్పుకు! ఆయాసం ఉన్నవాడికి నడకను మళ్లీ నేర్పే పల్మనరీ రిహాబిలిటేషన్ అనేది ఒకటుందని ఆ కాగితం ముక్క ఒక్కసారైనా చెప్పి ఉంటే, మిగతా తొమ్మిది సూత్రాలనూ నేను చెంపలేసుకుని పాటించేవాణ్ణి.

ఈసారి మాటలు మానేశాను. గరిటె రాగానే, నాకు నేర్పిన పద్ధతిలో, ముక్కుతో గాలి పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి మెల్లగా వదులుతూ, చేత్తో ఆగమని సైగ చేశాను.

"అయ్యో, బాగా వేడిగా ఉందా? ఊదుకుంటున్నావు!" అని వదిన లోపలికి పరుగెత్తి, చల్లారింది మరో గిన్నెడు తెచ్చింది.