సలహాలకు కరువు లేని సీమ

కర్నూలు ఆఫీసుల్లో ఆడ ఉద్యోగులకు దారి చూపే పెద్దలు లేరని ఈమధ్య కొందరు నింద వేస్తున్నారు. ఇంత అన్యాయమైన మాట మరొకటి లేదు. మా సీమలో నీళ్లకు కరువు రావచ్చు గానీ, ఆడపిల్లకు సలహా చెప్పే మగవాళ్లకు ఏ ఏడూ కరువు రాలేదు. అటెండరు మొదలు ఆఫీసరు దాకా అందరం ఆ పని మీదే ఉన్నాం, అదీ ఉచితంగా.

అయినా పదవి గురించి చెప్పే అర్హత మా ఊరికి కాక ఇంకెవరికుంది? 1953లో రాజధానిగా ప్రమోషన్ వచ్చింది. 1956లో ఆ కుర్చీ హైదరాబాదుకు పోయింది. డిమోషన్ బాధ మాకు తెలుసు. ఆ బాధ ఆడవాళ్లకు కలగకూడదనే, వాళ్లకు అసలు ప్రమోషనే రాకుండా చూసుకుంటున్నాం.

కొత్తగా చేరిన అమ్మాయిని ముందు "ఏ ఊరు పాపా?" అని అడుగుతాం. పత్తికొండ అంటుంది. "పత్తికొండలో యాడ?" అంటాం. వీధి చెబుతుంది. "మీ నాయన ఏం చేస్తాడు? ఇంటిపేరేంది?" అంటాం. ఇదంతా అభిమానమే. వచ్చిన జవాబును బట్టి కొందరు "మన పాప" అవుతారు, కొందరు "ఆయమ్మ"గా మిగిలిపోతారు. కులం అన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. చదువుకున్నవాళ్లం కదా.

తర్వాత రంగు చూస్తాం. ఎర్రగా ఉన్న అమ్మాయిని జనానికి కనబడే కౌంటర్లో కూర్చోబెడతాం. నల్లగా ఉన్న అమ్మాయిని ఏప్రిల్ ఎండలో ఆదోని ఫీల్డుకు పంపుతాం, "నీకేం పాపా, ఎండ నిన్నేం చేస్తుంది" అని ధైర్యం చెప్పి మరీ. ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 2020లో తన పేరులోంచి ఆ 'ఫెయిర్' తీసేసింది. తీసేసుకోనీ, మా కౌంటరుకు వచ్చిన నష్టమేం లేదు. ప్రమోషన్ లిస్టు వేసేటప్పుడు మాత్రం ఇద్దరినీ సమానంగా చూస్తాం. కౌంటరు అమ్మాయికి ఫీల్డు అనుభవం లేదు. ఫీల్డు అమ్మాయికి ఆఫీసు అనుభవం లేదు. రెండూ లేని అబ్బోడు ఒకడుంటాడు. వాడికి నాయకత్వ లక్షణాలున్నాయి.

ఆ లక్షణాలు బయటపడేది రాజ్‌విహార్ సెంటర్‌లో, టీ బంకు దగ్గర. ఉగ్గాని, బజ్జీ తింటుండగానే ఏ సీటు ఖాళీ అవుతోంది, ఎవరి ఫైలు ఎక్కడ ఆగింది, పై ఆఫీసరుకు ఏం గిట్టదు అన్నీ తేలిపోతాయి. ఆడవాళ్లను రావద్దని ఎవరూ అనలేదు. ఎవరేమనుకుంటారో అని వాళ్లే రారు. వచ్చిన ఒకరిద్దరి గురించి ఏమనుకున్నామో కూడా ఆ బంకు దగ్గరే మాట్లాడుకున్నాం. వేసవిలో అబ్బోడు బనగానపల్లె మామిడిపళ్ల బుట్టతో సారు ఇంటికి పోతే 'కలుపుగోలు మనిషి'. అదే బుట్ట పట్టుకుని ఆమె పోతే... వద్దులెండి, పదిమంది చదివే చోట ఎందుకు.

అమెరికావాళ్లు ఈ సంగతికి లెక్కలు కూడా కట్టారు. మెకిన్సే, లీన్‌ఇన్ సంస్థల 2023 నివేదిక ప్రకారం, అక్కడ వంద మంది మగవాళ్లకు మొదటి మేనేజరు ప్రమోషన్ వస్తే ఆడవాళ్లలో అది 87 మందికి వస్తోంది. తెల్లజాతి కాని ఆడవాళ్ల వరకే చూస్తే 73. దానికి 'విరిగిన మెట్టు' అని పేరు పెట్టుకుని బాధపడుతున్నారు. మన దగ్గర ఏ మెట్టూ విరగలేదు. దాని మీద మనం కూర్చుని ఉన్నాం, అంతే. ఆడవాళ్లకు సలహాలు ఇచ్చేవాళ్లు దండిగా ఉన్నారు, వాళ్ల పేరును పైకి పంపేవాళ్లే తక్కువని 2010లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక వ్యాసం వచ్చింది. దీనికి హార్వర్డ్ దాకా పోవాలా? మా బంకులో టీ కాచే మనిషిని అడిగినా చెప్పేవాడు.

చట్టం ఉంది కదా అంటారు. మన రాష్ట్రంలో సర్కారు కొలువుల భర్తీలో ఆడవాళ్లకు మూడో వంతు వాటా ఉన్నమాట నిజమే. అది గేటు దాటి లోపలికి వచ్చేదాకే, ప్రమోషన్లకు లేదు. ఎస్సీ, ఎస్టీలకు ప్రమోషన్లలోనూ రిజర్వేషన్ ఇచ్చేందుకు 1995లో రాజ్యాంగాన్ని సవరించారు. అలా రోస్టరులో ఒకామె సూపరింటెండెంట్ అయితే దాన్ని కోటా అంటాం. మామిడిపళ్లతో వచ్చిన దాన్ని మెరిట్ అంటాం.

మహిళలకు పోటీతత్వం నేర్పడం లేదనడం కూడా తప్పే. మార్చి 8న ముగ్గుల పోటీ పెడతాం, తర్వాత మ్యూజికల్ చైర్స్. ఏడాదికి ఒక్కరోజైనా వాళ్లు ఆఫీసులో కుర్చీ కోసం పోటీ పడాలన్నదే మా ఉద్దేశం. గెలిచినామెకు స్టీలు డబ్బా ఇచ్చి, కుర్చీ వెనక్కి తీసుకుంటాం.

ఈ ఏడు ఇంకో అడుగు ముందుకేసి మహిళా మార్గదర్శక కమిటీ కూడా వేశాం. సభ్యులం ఐదుగురం, అందరం మగవాళ్లమే. ఎవరి సమస్య వాళ్లే చూసుకుంటే పక్షపాతం వస్తుంది కదా. మొదటి సమావేశానికి ఆదోని ఫీల్డు అమ్మాయి వచ్చింది. సలహా చెప్పడానికి నేను గొంతు సవరించుకుంటుండగానే, "సలహాలు చాలా ఉన్నాయి సార్. మొన్న జోనల్ మీటింగ్‌లో ఖాళీ గురించి అడిగినప్పుడు నా పేరు చెప్పుంటే చాలు" అనింది.

పెద్దవాళ్ల ముందు అలా మొహం మీద అడగకూడదు పాపా అని చెప్పి పంపించినాం. ఆ సలహాను కమిటీ రిజిస్టరులో మొదటి నంబరుగా ఎక్కించాం.