ఖోజాల చరిత్ర బానిసత్వ చరిత్రే

మధ్యయుగపు ముస్లిం రాజ్యాల్లో ఖోజాల ప్రస్తావన రాగానే అంతఃపుర విలాసాల కథలే ముందుకు వస్తాయి. పసితనంలోనే పురుషత్వాన్ని కోసివేసి అంగడిలో అమ్మిన ఈ మనుషుల బతుకును అలా వినోదంగా చదువుకోవడం అన్యాయమని మేము భావిస్తున్నాం.

మనిషిని ఈ విధంగా వికలాంగుణ్ణి చేయడాన్ని ఇస్లాం ధర్మశాస్త్రం నిషేధించింది. అయినా కత్తి పట్టినవారు రాజ్యం వెలుపలివారో, అన్యమతస్థులో అయితే, ఆ తర్వాత బానిసను కొన్నవారికి దోషం అంటనట్టే వ్యవహారం సాగింది. ఆఫ్రికా నుంచీ, తూర్పు ఐరోపాలోని స్లావుల దేశాల నుంచీ తెచ్చిన పిల్లల్లో ఎందరో ఆ గాయంతోనే చనిపోయారు. బతికి బయటపడినవారి ధర మామూలు బానిసల ధరను ఎంతగానో మించేది. అంత ధర పోసి కొన్నది కేవలం అంతఃపుర కాపలాకే కాదు. కన్నవారు దూరమై, కనే అవకాశం పోయి, యజమాని తప్ప వేరే దిక్కులేని మనిషి తన వంశం కోసం సింహాసనానికి ఎసరు పెట్టడన్న ధీమాతోనే ఖజానానూ, రాకుమారుల పెంపకాన్నీ, చివరికి సేనలనూ అతని చేతిలో పెట్టారు. ఆ విశ్వాసానికి పునాది క్రూరత్వమే.

ఈజిప్టునే చూడండి. బానిసగా వచ్చిన అబుల్ మిస్క్ కాఫూర్, 946లో యజమాని, ఈజిప్టు పాలకుడు ఇఖ్‌షీద్ మరణించాక అతని కొడుకుల పేరిట ఇరవై ఏళ్లు రాజ్యం నడిపి, 966 నుంచి 968లో కన్నుమూసేదాకా తానే ప్రభువయ్యాడు. అంతటివాణ్ణి కూడా, పదవి ఆశించి పొగిడిన మహాకవి ముతనబ్బి, ఆశ తీరకపోవడంతో, నల్లని రంగునూ బానిస పుట్టుకనూ దేహలోపాన్నీ ఎత్తిపొడుస్తూ ఎగతాళి పద్యాలు కట్టాడు. అవి అరబ్బీ సాహిత్యంలో నేటికీ ప్రసిద్ధాలు. మదీనాలో మాత్రం ప్రవక్త సమాధి సంరక్షకులుగా శతాబ్దాల పాటు ఖోజాలకు భక్తిపూర్వకమైన మన్నన దక్కింది. ఉస్మానియా సుల్తానుల రాజధాని ఇస్తాంబుల్‌లో 16వ శతాబ్ది చివరినుంచి నల్లజాతి ఖోజాల పెద్ద, మక్కా మదీనాల ధర్మనిధులపై పెత్తనం వహించాడు.

మన నేలకూ ఈ చరిత్రతో సంబంధం ఉంది. 1310లో ఓరుగల్లును ముట్టడించి ప్రతాపరుద్రుని చేత కప్పం కట్టించుకున్న ఢిల్లీ సుల్తాను సేనాని, ఖోజా అయిన మాలిక్ కాఫుర్, 1299 నాటి గుజరాత్ దండయాత్రలో ఖంభాత్ రేవులో ఢిల్లీ సేనలకు చిక్కిన బానిస. అతని దండయాత్ర మిగిల్చిన నష్టాన్ని తగ్గించి చెప్పనక్కరలేదు. కానీ అతణ్ణి నిందించడానికి అతని ఖోజాతనాన్ని తిట్టుగా వాడే అలవాటును పాఠాల్లోనూ ప్రసంగాల్లోనూ మానుకోవాలి; ఆ గాయం అతను చేసిన నేరం కాదు, అతనిపై జరిగిన నేరం.