గుర్రుమన్న కుక్కను కొట్టకుండ్రి, ముందుగాల డాక్టర్‌కు చూపియ్యుండ్రి

నల్లగొండల మా వీధి చివర్న ఎరువుల దుకాణం అన్న ఇంట్ల రాకీ అని ఒక లాబ్రడార్ ఉన్నది, నాలుగేండ్లది. పోయిన ఎండాకాలం అది వాళ్ల ఏడేండ్ల బిడ్డ చెయ్యి కొరికింది. ఎట్ల జరిగిందంటే, పాప ఎప్పటిలెక్కనే దాని తల నిమురుకుంట చెవి కాడికి పోయింది, రాకీ గుర్రుమన్నది, పాపకు అది ఆటనిపించి మళ్ల చెవే పట్టి గుంజింది, అప్పుడు పన్ను దిగింది. అరచేతి మీద రెండు గాట్లు. నల్ల కింద సబ్బు పెట్టి పావుగంట కడిగిన్రు, సర్కారు దవాఖానకు తోలుకపోయి సూదులేపిచ్చిన్రు, అక్కడిదాంక చేసిందంత కరెక్టే. ఇంటికొచ్చినంక అన్న పైపు ముక్క తీసుకొని రాకీని అది మూత్రం పోసుకునేదాంక కొట్టిండు, మెట్ల కింద మూరెడు గొలుసుతోని కట్టేశిండు. నేను గేటు కాడ్నే ఉన్న, ఆపలేకపోయిన, ఇప్పటికీ ఆ సంగతి యాదికొస్తే మనసు గుంజుతది.

వీధి కుక్కల లొల్లి అందరికీ తెల్సిందే. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఒక మాట చెప్పింది, 22న దాన్ని మార్చింది, నవంబర్ 7న బడులు, దవాఖానలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కల్ని తీసెయ్యుమన్నది, టీవీల డిబేట్లు అయితనే ఉన్నయ్. మన పాలమూరు దిక్కు పొన్నకల్‌ల 2024 ఫిబ్రవరిల ఇరవై దాంక కుక్కల్ని తుపాకీతోని కాల్చి చంపిన ముచ్చట కూడ ఎవ్వరూ మర్చిపోలే. ఇంత మాట్లాడుతున్నం కానీ మన ఇంట్ల, మన గేటు లోపట ఉన్న కుక్క కరిస్తే ఏం చెయ్యాలె అన్నదాని మీద మాత్రం ఒక్క మాట లేదు. కరిచిన పెంపుడు కుక్కను బండిల ఎక్కిచ్చి హైవే మీద దాబా కాడ ఇడిశి వచ్చేటోళ్లు నాకే నలుగురైదుగురు తెల్సు, ఆ కుక్క తెల్లారి నుంచి వీధి కుక్కనే గదా.

నేను చెప్పేది ఒక్కటే. ఉన్నట్టుండి కుక్క తీరు మారిందంటే అది మొదాలు వైద్యం పని, అటెనుక నేర్పుడు పని, కొట్టుడు పని అయితే ఎన్నటికీ కాదు. కుక్కకు పన్ను నొస్తే చెప్పలేదు, తుంటి కీలు అరిగితే చెప్పలేదు, చెవిల చీము పడితే చెప్పలేదు. థైరాయిడ్ తక్కువైతే కూడ కొన్ని కుక్కలు చిరాకు పడ్తయని డాక్టర్లు చెప్తరు. మన దిక్కు గోమార్లతోని వచ్చే జ్వరం ఒకటి ఉన్నది, పైకేం కనిపియ్యది, కుక్క మూలకు పండుకుంటది, తిండి మానేస్తది, ముట్టుకుంటే మీదికొస్తది, ఇంట్లోళ్లు దానికి పొగరెక్కింది అనుకుంటరు. ఇంకో సంగతి, మిర్యాలగూడ, నల్లగొండ ఎండలు 44 డిగ్రీలు దాటే కాలంల రేకుల షెడ్డు కింద హస్కీ అనే చలి దేశాల కుక్కను కట్టేసినోళ్లున్నరు, కుక్కకు మనలెక్క ఒళ్లంత చెమట పట్టది, నాలుక బయటేసి రొప్పితెనే దాని ఒళ్లు చల్లబడేది, అసొంటిదాని నోటికి కరుస్తదని గుడ్డ కట్టేస్తే అది సచ్చిపోతది. మూతికి ఏదన్న పెట్టుడు తప్పదంటే నోరు తెరిచి నీళ్లు తాగే వీలున్న బుట్టలాంటిది పెట్టాలె, అది కూడ మెల్లమెల్లగ అలవాటు చేసి. ఇవన్నీ చెప్పేటోడు ఒకడు కావాలె, ఆ చెప్పేటోడు పక్కింటి మామ కాదు, యూట్యూబ్ కాదు.

ఇగ అసలు ముచ్చట గుర్రు గురించి. మనోళ్లకు కుక్క గుర్రుమంటెనే కోపమొస్తది, తిండి పెట్టినోని మీద్నే గుర్రుమంటదా అని చెప్పు తీస్తరు. గుర్రు అంటే కుక్క పెట్టే దరఖాస్తు. దానికంటే ముందుగాల అది ఇంకా చాన దరఖాస్తులు పెట్టుకుంటది, మొకం అటు తిప్పుకుంటది, మూతి నాక్కుంటది, నిద్ర రాకున్న ఆవలిస్తది, కన్ను తెల్లగ్గనపడేటట్టు ఓరగ చూస్తది, ఒళ్లంత బిగబట్టి కదలకుండ నిలబడ్తది. తోక ఊపుతున్నదంటే సంబరమే అనుకునుడు కూడ తప్పే, బిగిసిన తోక సన్నగ ఊపే కుక్క కరిచే కుక్క కూడ కావొచ్చు. ఇయ్యన్నీ మనం చదవకపోతే ఆఖరికి గుర్రుమంటది. గప్పుడు గనక కొడితే ఏమైతదో తెల్సా, కుక్కకు భయం పోదు, నొప్పి పోదు, గుర్రుమనుడు ఒక్కటే పోతది. మనం అనుకుంటం దారికొచ్చిందని. అది మాత్రం ఈసారి చెప్పకుండ, సప్పుడు చెయ్యకుండ కరుస్తది. ఇంట్ల పసిపోరలున్నోళ్లు ఈ ఒక్క సంగతి గుండెల పెట్టుకోవాలె, గుర్రుమనే కుక్క కంటే గుర్రు మానేసిన కుక్కతోని పది రెట్లు భయం.

రాకీ ముచ్చటల గట్లనే అయ్యింది. ఎవరో చెప్తే అన్న ఒక ట్రైనర్‌ను పిలిపిచ్చిండు, పేరు వద్దు. బైక్ మీద వచ్చిండు, దానికేమైందని అడగలే, ఎప్పుడు కరిచింది, ఎక్కడ ముట్టుకుంటే కరిచింది ఏదీ అడగలే, చోక్ చైన్, అంటే గుంజితే మెడకు బిగుసుకునే గొలుసు, తీసి మెడకేశిండు, ‘రెండు వారాలల్ల లైన్ మీదికి తెస్త, గ్యారంటీ’ అన్నడు. గుర్రుమన్నప్పుడల్ల గొలుసు మీదికి గుంజుతుండె, ముందటి కాళ్లు నేల మీదికెళ్లి లేస్తుండె. ‘ఇంట్ల బాస్ ఎవరో దానికి తెల్వాలె సార్, కుక్క అంటే తోడేలు జాతి’ అని నాతోని కూడ అన్నడు. పదిరోజులకు రాకీ గుర్రుమనుడు మానేసింది, అన్న ఏడు వేలిచ్చి దండం పెట్టిండు. ఇరవయ్యో రోజు అన్న వాళ్ల అమ్మ చెంబుతోని నీళ్లు పోస్తుంటే చెయ్యి రాకీ తల మీదికి పోయింది, ఒక్క సప్పుడు లేకుండ మణికట్టు పట్టేసింది.

ఈ బాస్ ముచ్చట ఎక్కడ్నుంచి వచ్చిందో కూడ చెప్పాలె, ఎందుకంటే మన దిక్కు ట్రైనర్లు చానమంది ఇప్పటికీ దీని మీద్నే బతుకుతున్నరు. 1947ల షెంకెల్ అనే ఆయన బోనులల్ల పెట్టిన తోడేళ్లను చూసి, కొట్లాడి గెలిచిందే గుంపుకు పెద్ద అని రాసిండు. 1970ల డేవిడ్ మెక్ అనే అమెరికా సైంటిస్టు పుస్తకంతోని ఆ మాట లోకమంత పాకింది. అదే మెక్ తర్వాత ఏండ్లకు ఏండ్లు అడవిల తోడేళ్ల ఎంబడి తిరిగి, అడవిల గుంపు అంటే తల్లి, తండ్రి, పిల్లలు, అదొక కుటుంబం, కొట్లాడి పెద్దయ్యే ముచ్చటే లేదు అని 1999ల రాసిండు. రాసినాయనే నేను చెప్పింది తప్పన్నడు, మన ట్రైనర్లకు ఇంకా ఆ కబురు అందలే. అమెరికాల పశువుల ప్రవర్తన చూసే వెటర్నరీ డాక్టర్ల సంఘం కూడ 2021ల సాఫ్‌గ చెప్పింది, కొట్టుడు, షాక్ కాలర్లు, చోక్ చైన్లు వద్దు, మంచి పని చేసినప్పుడు ఇచ్చే తిండితోని, మెప్పుతోని నేర్పుండ్రి అని.

మరి పని తెల్సినోడు ఏం చేస్తడు? మొదాలు గంటసేపు ప్రశ్నలడుగుతడు. ఎప్పటినుంచి, ఎవ్వరి మీద, ఏ టైంల, దానికి ముందు ఏం జరిగింది, నిద్ర ఎట్ల, తిండి ఎట్ల, ఎక్కడ కట్టేస్తరు, వీడియో ఉన్నదా. డాక్టర్ చూసిండా అని అడుగుతడు, చూడకపోతే చూపిచ్చినంకనే రమ్మంటడు. అటెనుక పని మస్తు నిమ్మలంగ నడుస్తది, చూసేటోనికి అదేం పనే కాదు అన్నట్టుంటది. కొత్త మనిషిని చూస్తే మొరిగే కుక్క అనుకోండి, ఆ మనిషిని కుక్కకు కనిపిచ్చేంత, కానీ అది మొరగనంత దూరంల నిలబెడతరు, అది ముప్పై అడుగులు కావొచ్చు, యాభై కావొచ్చు. మనిషి కనపడంగనే ఉడకబెట్టిన చికెన్ ముక్క, మనిషి పోంగనే చికెన్ బంద్. దినాం కొంచెం కొంచెం దగ్గరికి జరుపుతరు. కొన్నాళ్లకు కుక్క లెక్క మారుతది, వీడొస్తే ముక్కొస్తది అని. కొన్ని కుక్కలకు భయం మందుల్దాంక పోతది, మనుషులకిచ్చే ఫ్లూఆక్సెటిన్‌నే అమెరికాల 2007ల ఇంట్ల ఒంటరిగ ఉండలేని కుక్కల కోసం అనుమతిచ్చిన్రు, అది పనిచెయ్యాలంటే నెల, నెలన్నర పడ్తది, డాక్టర్ రాస్తెనే ఇయ్యాలె, మెడికల్ షాపుల అడిగి సొంతంగ వేసేది కాదు. ఎవరినన్న పిలిచే ముందుగాల ఒక్క ప్రశ్న అడుగుండ్రి, ‘కుక్క తప్పు చేస్తే నువ్వు ఏం చేస్తవ్?’ అని. చూపిస్త, దారికి తెస్త, గ్యారంటీ అన్నడంటే తలుపేసుకోండి. కుక్కను నెల రోజులు మా కాడ ఇడిశిపోండి, మీరు రావద్దు అంటే ఇంకా గట్టిగ వేసుకోండి.

ఇదంత బయటి దేశాల చదువు అనుకునేటోళ్లు ఒకసారి దేవరకద్ర, మక్తల్ దిక్కు గొర్ల మందల కాడికి పోయి చూడాలె. కురుమ తాత మందకు కావాల్సిన కుక్కను కండ్లు తెరిచినప్పటి నుంచి గొర్రెపిల్లల మధ్యల్నే పెంచుతడు, అది గొర్రె వాసనల్నే పండుకుంటది. సైంటిస్టులు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాంక కుక్కపిల్ల లోకాన్ని నేర్చుకునే కాలం అని చెప్పే ముచ్చట తాతకు తాతల కాలం నుంచి తెల్సు. మనం మాత్రం నెల రోజుల పిల్లను తల్లి కాడ్నుంచి గుంజి కొనుక్కొస్తం. కుక్కల బ్రీడర్లకు పెట్టిన 2017 రూల్స్ ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మొద్దు, అయినా అమ్ముతనే ఉన్నరు. తోటి పిల్లలతోని కొరుక్కుంట ఆడితెనే ఎంత గట్టిగ కొరకాల్నో దానికి తెలిసేది, ఆ చదువు లేకుండ వచ్చిన పిల్ల మన పిల్లల మీద నేర్చుకుంటది.

మనుషులకే దవాఖానల దిక్కులేదు, కుక్కకు కౌన్సిలింగా, పైసలెక్కువైనోళ్ల వేషాలు అని అంటరు. ఆ కోపం నాకు అర్థమైతది, వలస పోయి బతికే పాలమూరుల ఆ మాట ఊకెనే రాదు. కానీ రాకీ కథల లెక్క చూడుండ్రి, ట్రైనర్‌కు ఏడు వేలు, ఇద్దరి సూదుల కోసం దుకాణం మూసుకొని దవాఖాన చుట్టూ తిరిగిన రోజులు, ముసలామె చేతి నొప్పి. భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద పెంపుడు జంతువు విషయంల అజాగ్రత్తగ ఉంటే ఆరు నెల్ల దాంక జైలు, 5000 దాంక జరిమానా పడొచ్చు, అది వేరే.

నాకు ఇందుల కుక్క కంటే పెద్దది ఒకటి కనపడుతున్నది, చెప్పకుండ ఉండలేను. భయపడి సప్పుడు చెయ్యకపోవుడును మనం బుద్ధి అంటం. బడిల బెత్తం 2009 విద్యా హక్కు చట్టంతోని నిషేధమైంది, అయినా ‘నాలుగు తగిలియ్యండి సార్, గప్పుడే చదువుతడు’ అని చెప్పే తండ్రులు ఇప్పటికీ ఉన్నరు. ఇది నల్లగొండ. గడీ ముందట ‘బాంచెన్ దొర కాల్మొక్త’ అని వంగి నిలబడ్డ తాతల మనవలం మనం. దొరకు వాళ్లు చాన మంచోళ్లుగ, చెప్పిన మాట వినేటోళ్లుగ కనపడ్డరు, 1946 తర్వాత ఏమైందో దొరకు తెల్సింది, మనకు తెల్సు. సప్పుడు లేని మనిషికి లోపల ఏమున్నదో అడగాలని ఈ జిల్లా కంటే ఎక్కువ ఎవరికి తెల్వాలె? గదే పైపును మనం కుక్క మీదికి, పోరడి మీదికి, ఇంటామె మీదికి ఎత్తుతున్నం, దాన్నే అదుపు అంటున్నం. మనసు బాగలేని పిల్లను డాక్టర్ కాడికి తోలుకపోతే పరువు పోతదని దాచేది కూడ ఇండ్ల నుంచే వస్తది, మనసు బాధ చెప్పుకునేటందుకు సర్కారు పెట్టిన 14416 టెలీ మానస్ ఫోన్ నంబర్ 2022 నుంచి ఉన్నది, మన ఊర్లల్ల ఎంతమంది గోడల మీద అది రాసున్నది?

ఇగ సర్కారును అడిగేది అడగాలె. 1962 నంబర్‌కు ఫోన్ చేస్తే పశువుల బండి వస్తది, బర్రెకు, గొర్రెకు అది మంచి పని. కుక్క తీరు మారిందంటే మాత్రం నల్లగొండోడైనా మహబూబ్‌నగరోడైనా నూరు కిలోమీటర్లు పోయి హైదరాబాద్ రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ దిక్కు చూడాల్సిందే, అచ్చంపేటోడు, గద్వాలోడు ఇంకా దూరం. మొయినాబాద్‌ల పోలీస్ కుక్కలకు ట్రైనింగ్ ఇచ్చే అకాడమీ ఉన్న రాష్ట్రం ఇది, మనకు తెలివి లేక కాదు. జిల్లా పశువుల దవాఖానల వారానికి ఒక్క పూట కుక్కల ప్రవర్తన చూసే డాక్టర్ కూసుండాలె, రాజేంద్రనగర్ నుంచి వీడియో కాల్‌ల అయినా సరే. బ్రీడర్లకు 2017ల, పెట్ షాపులకు 2018ల రూల్స్ పెట్టిన్రు, ట్రైనర్ అని బోర్డు పెట్టుకునేటోనికి మాత్రం లైసెన్స్ అవసరమే లేదు, చోక్ చైన్ ఒకటి కొనుక్కుంటే చాలు. దీనికి కూడ ఒక పరీక్ష, ఒక రిజిస్ట్రేషన్ పెట్టాలె.

ముసలామెను కరిచినంక రాకీని నార్కట్‌పల్లి దాటి ఇడిశి రావాలని అన్న ఫిక్స్ అయ్యిండు, కారు కూడ మాట్లాడిండు. ‘అన్నా, ఒక్క రోజు నాకియ్యి’ అని బతిమాలి డాక్టర్ కాడికి తోలుకపోయిన. ఆయన రాకీ మూతికి బుట్ట పెట్టించి, ఎడమ చెవి రెక్క నెమ్మదిగ లేపిండు. లోపట నల్లటి మడ్డి, కుళ్లిన వాసన గది మొత్తం కమ్మింది. నెలల కొద్ది ఉన్నట్టుందన్నడు. అన్న మొకం తిప్పుకొని గోడ దిక్కు చూసిండు, చానసేపు మాట్లాడలే.

చుక్కల మందు, గోళీలు, ఆరు వారాలు. గొలుసు తీసేశిన్రు, పాప రాకీ తింటున్నప్పుడు గిన్నె కాడికి పోవద్దని నేర్పిన్రు, చెవి ముట్టుకుంటే ముక్క, చెవి ముట్టుకుంటే ముక్క అని దినాం రెండుసార్లు డాక్టర్ చెప్పినట్టు అన్ననే చేశిండు. మొన్న సంక్రాంతికి వాళ్లింటికి పోతే చుట్టాల పోరడొకడు వెనకనుంచి రాకీ తోక పట్టిండు. రాకీ తిరిగి చూసి చిన్నగ గుర్రుమన్నది. లోపల్నుంచి ముసలామె ఉరికొచ్చింది, నేనేమో చెయ్యి లేపుతదేమో అనుకున్న. ‘ఇడువు బిడ్డా, దానికి మంచిగనిపిస్తలేదంట’ అని పోరని చెయ్యి పట్టి పక్కకు తీసింది.