బండి నాలుక తెల్లబడింది

2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖ ఒక వివరణ ఇచ్చింది. 20 శాతం ఇథనాల్ (చెరకు నుంచి, గింజల నుంచి తీసే సారా) కలిపిన పెట్రోలుతో పాత బండ్లకు భయపడాల్సిన ముప్పేమీ లేదట. కాకపోతే కొన్ని పాత బండ్లలో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చుకోవాల్సి రావచ్చట. అవి చవకేనట. మామూలు సర్వీసింగులోనే పనైపోతుందట.

ఆ 'చవకే' అన్న మాట విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. మన ఇంట్లో పొయ్యి ముట్టించి, 'కర్రలు చవకేలే' అని ఓదార్చే పొరుగాయన ఎవరికి దొరుకుతాడు చెప్పండి.

నా బండి 2009 మోడలు. ఎప్పుడో విడాకులు పుచ్చుకున్న రెండు కంపెనీల పేర్లు దాని ట్యాంకు మీద ఇప్పటికీ పక్కపక్కనే కాపురం చేస్తున్నాయి. మీటరు కేబులు తెగి, అంకెలు ఆగిపోయి ఏడేళ్లయింది. అంటే మీటరు సాక్షిగా, ఈ ఇరవై శాతం ఇథనాల్ వచ్చాక నా బండి ఒక్క కిలోమీటరు కూడా తిరగలేదు. ఇరవై వేలు తిరిగితేగానీ రబ్బరు పాడవ్వడానికి వీల్లేదు. అయినా పాడైంది. నియమం తప్పింది. అందుకు ప్రభుత్వానికి నా బండి తరఫున క్షమాపణలు.

2025 సెప్టెంబరులో రవాణా మంత్రి నితిన్ గడ్కరీ గారు, ఈ పెట్రోలు మీద సాగుతున్న ప్రచారమంతా డబ్బిచ్చి చేయిస్తున్నదేనన్నారు. వెంటనే వెళ్లి సీటు కింద వెతికాను. 2017 నాటి ఇన్సూరెన్సు కాగితం, తుప్పు పట్టిన స్పానరు, ఒక చచ్చిన బొద్దింక దొరికాయి. డబ్బు మాత్రం కనబడలేదు. మా బండి ఉచితంగానే కుట్రలో చేరినట్టుంది.

లక్షణాలు ఇవీ: పొద్దున్నే లేవదు. లేచినా రెండు దగ్గులు దగ్గి పడుకుంటుంది. చోక్ లాగి, పదిహేను కిక్కులు కొట్టి, మొదటి గేరు వేసేసరికి నేను స్నానం చేసిన ఫలితం ఏమీ మిగలదు.

హన్మకొండలో మా మెకానిక్ భాయ్ దుకాణానికి తోసుకెళ్లాను. అది దుకాణమా, ఆర్ఎంపీ డాక్టరు అరుగా అని అనుమానం వచ్చింది. తొమ్మిది పాత బండ్లు వరుసగా సైడు స్టాండు మీద ఒరిగి ఉన్నాయి. వాటి తాలూకు మనుషులు బెంచీ మీద కూర్చుని రోగాలు కలబోసుకుంటున్నారు.

"మాది పొద్దుగాల లేస్తలేదన్నా."

"మాది లేస్తది గనీ గడ్డ ఎక్కుతలేదు."

"మాదానికైతే కింద కారుతాంది. రాత్రంతా కారుతాంది."

ఒకాయన తన ఎక్సెల్ హ్యాండిలు మీద చెయ్యేసి నిలబడ్డాడు, జ్వరమొచ్చిన దూడ పక్కన నిలబడ్డట్టు.

భాయ్ నా బండి ప్లగ్గు విప్పాడు. నాలుక చూసినట్టు దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. "తెల్లగున్నది సార్," అన్నాడు. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైతే లోపల వేడి పెరిగి ప్లగ్గు తెల్లబడుతుంది. కొత్త బండ్లలో పెట్రోలును లెక్కగా చిమ్మే ఇంజెక్షనూ, ఆక్సిజన్ సెన్సరూ ఉంటాయి. లోపలికి ఏం వస్తోందో చూసుకుని కొంతవరకు సర్దుకుంటాయి. పాత బండ్లలో పెట్రోలూ గాలీ కలిపిచ్చే కార్బొరేటరుకు అలాంటి బుద్ధులు లేవు. కంపెనీ కొట్టిన జెట్టు రంధ్రం ఎంతో అంతే వదులుతుంది. ఇథనాల్ తనతోనే ఆక్సిజన్ మోసుకొస్తుందనీ, దానిలో ఉండే సత్తువ పెట్రోలుకన్నా మూడో వంతు తక్కువనీ పాపం దానికెవరూ చెప్పలేదు.

"లోపటికి ఏం తీసుకుంటాంది?" అన్నాడు.

"సర్కారు పోసిందే."

"పత్యం ఏమన్నా?"

"బంకులో వేరే కూర లేదు కదా భాయ్."

ఇక అసలు పరీక్ష మొదలైంది. భాయ్ నా ట్యాంకులోంచి సీసాడు పెట్రోలు తీశాడు. కూల్‌డ్రింకు సీసా, పైన గీతలు స్కెచ్ పెన్నుతో ఆయనే గీసుకున్నాడు. వంద గీత దాకా నీళ్లు, పైన వంద పెట్రోలు. మూత బిగించి గిలకొట్టి స్టూలు మీద పెట్టాడు. బెంచీ మీదివాళ్లంతా లేచి వచ్చి చుట్టూ మూగారు. ఎవరూ మాట్లాడలేదు. పక్కన జిరాక్సు షాపతను కూడా వచ్చి తొంగి చూశాడు. ఇథనాల్‌కు పెట్రోలుకన్నా నీళ్లంటేనే ప్రాణం. పిలిస్తే చాలు, దిగి వాటిలో కలిసిపోతుంది. నెమ్మదిగా మధ్య గీత పైకి జరిగింది. అడుగున నీళ్లు నూట ఇరవై దగ్గర ఆగాయి.

"ఇరవై!" అన్నాడు ఎక్సెలాయన, మా ఊరి గుళ్లో అమ్మవారు పూనినప్పుడు అనే గొంతుతో.

భాయ్ పిల్ల అసిస్టెంటు, పదో తరగతి తప్పినవాడు, చప్పట్లు కొట్టాడు. కెమిస్ట్రీ ప్రయోగం వాడికి మొదటిసారి అర్థమైంది.

ఇదే ప్రేమ ట్యాంకులోనూ నడుస్తుంది. వానాకాలం బండి పది రోజులు కదలకపోతే, మూత సందులోంచి దూరిన చెమ్మనంతా ఇథనాల్ చేరదీస్తుంది. మరీ ఎక్కువైతే రెండూ కలిసి అడుక్కి దిగుతాయి. ఇంజనుకు పెట్రోలు వదిలే కాకు పైపు పెట్టి లాగేది ఆ అడుగునుంచే. తడిచెయ్యి పెట్టిన ఆవకాయ జాడీ ఎన్నాళ్లుంటుందో మన అమ్మమ్మలకు తెలుసు. రేకు ట్యాంకయితే తుప్పు అదనం.

ఇప్పుడు కాస్త దేశభక్తితో మాట్లాడుకుందాం. 2003లో 5 శాతంతో మొదలైన పథకం ఇది. 2022 జూన్‌కి 10 శాతం అయింది. 20 శాతానికి మొదట పెట్టుకున్న గడువు 2030. దాన్ని 2025కే ముగించారు. పోలవరం పుట్టిన దేశంలో ఒక సర్కారు పని ఐదేళ్లు ముందే అయిపోయింది! అయ్యేదేదో నా ట్యాంకులోనే అవ్వాలా?

బ్రెజిల్ చూడండి అంటారు. చూశాను. అక్కడ పెట్రోలూ ఇథనాలూ ఏ పాళ్లలో పోసినా తాగే కార్లు 2003 నుంచీ ఉన్నాయి, బంకులో ఇథనాల్‌కు వేరే గొట్టం ఉంది. నా బండికి పోర్చుగీసు రాదు.

అన్నిటికన్నా మంచి మాట చెప్పింది ప్రభుత్వం వారి సొంత నీతి ఆయోగే. 2021 జూన్ నివేదికలో, పాత ద్విచక్ర వాహనాలకు మైలేజీ 3-4 శాతం తగ్గుతుందంది. ఆ నష్టానికి సరిపడా ధర తగ్గాలంది. పాత బండ్ల కోసం 10 శాతం పెట్రోలు విడిగా ఉంచాలంది. మొదటి ముక్క అమలైంది. మిగతా రెండూ? ఇథనాల్ ఇప్పుడు శుద్ధి చేసిన పెట్రోలు ఖర్చుకన్నా చవక కాదు, సగటున లీటరు 71 రూపాయల 32 పైసలకు కొంటున్నాం అంది 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ. రబ్బరు మాత్రం చవకట. వాళ్లు కొనేదంతా ఖరీదు, మనం కొనేదంతా చవక. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అమ్మండి, కనీసం బంకు మీద రాయండి అని ఒకాయన సుప్రీంకోర్టుకు వెళితే 2025 సెప్టెంబరు 1న కొట్టేశారు.

ఇదంతా రైతు కోసం, మీకు రైతు మీద ప్రేమ లేదా అని అడుగుతారు. ఉంది బాబూ. ఆ ఎక్సెలాయన మొక్కజొన్న రైతే. ఆయన గింజ డిస్టిలరీకి పోయిందో లేదో ఆయనకు తెలియదు. వెనక్కి వచ్చిన సారా మాత్రం నేరుగా ఆయన ట్యాంకులోకే వచ్చింది. రేషను బియ్యం కిలో పక్కదారి పడితే కేసు. ప్రభుత్వ గోదాముల ఎఫ్‌సీఐ బియ్యం 2025లో క్వింటా 2,250 రూపాయలకు డిస్టిలరీకి పోతే విధానం. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం 2024 నవంబరులో రోడ్డెక్కి ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దన్నారు, పనులు ఆగాయి. వాళ్లకు వద్దనడానికి రోడ్డయినా ఉంది. బంకు దగ్గర గొట్టం పట్టుకున్న కుర్రాడితో ఎవరు వద్దనాలి? 'జీరో చూస్కోండి సార్' అంటాడు. చూసుకుంటూనే ఉన్నాం.

క్యూలో ఆఖరున మడికొండ నుంచి పాలు తెచ్చే అన్న ఉన్నాడు. రెండు వైపులా రెండు క్యాన్లు, నలభై లీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికి కిక్కు కొట్టడం మొదలుపెట్టాడట, ఐదున్నరకు తోసుకుంటూ బయలుదేరాడట. ఆయన బండి వయసు పద్దెనిమిదేళ్లు. కొత్తది కొనుక్కోవచ్చు కదా అనేవాడెవడైనా ఉంటే ఇక్కడికి పంపండి, ఆ క్యాన్లు మోయిస్తాం. ఒక్క మనిషిని అడిగారా? ఒక్క రూపాయి తగ్గించారా? నీ బండికి ఇది సరిపడదు, దానికి వేరేది ఉంది తీసుకో అన్నారా? సిగ్గుండాలి, చవక అనడానికి! ఎవరి లెక్కలో చవక? పొద్దున పాలు పోస్తేనే సాయంత్రం దాణా కొనేవాడి లెక్కలోనా?

ఆయన వంతు వచ్చేసరికి పదకొండున్నర అయింది. భాయ్ ట్యాంకు దించాడు, కార్బొరేటరు విప్పాడు, ఉబ్బిపోయిన నల్లటి వాషరు ఒకటి స్పానరు మొనతో తీసి ఆయన అరచేతిలో పెట్టాడు.

"ఇదేనా?" అన్నాడు పాలన్న.

"ఇదే అన్నా. పదిహేను రూపాయలు."

ఆయన క్యాను మూత తీసి వాసన చూశాడు. మళ్లీ మూసేశాడు.