సవరణ: పచ్చికలో పేరుకునే పీచు పొర గురించి

కావలిలో మా ఇంటి ముందున్న గరిక పచ్చిక గురించి ఇంతకుముందు రాసినప్పుడు, కోసిన గడ్డి ముక్కలను అక్కడే వదిలేయడం వల్లనే థాచ్ (పచ్చికకూ మట్టికీ మధ్య చేరే పీచు పొర) పేరుకుంటుందని చెప్పాను, అది తప్పు. ఆ ముక్కల్లో ఎక్కువ భాగం నీరే కాబట్టి త్వరగా కుళ్లి నేలలో కలిసిపోతాయి. ఆ పొరను కట్టేవి లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఎక్కువగా ఉండి నెమ్మదిగా కుళ్లే పాకుడు కాడలు, వేర్లు. నత్రజని ఎరువు మోతాదు మించితే అవి కుళ్లేదానికన్నా వేగంగా పెరుగుతాయి. మొన్న కత్తితో చిన్న పెళ్ల కోసి చూస్తే, పచ్చదనానికీ మట్టికీ మధ్య గోధుమరంగు పీచు కనిపించింది. బొటనవేలితో నొక్కితే అణిగి మళ్లీ లేచింది. ఈ పొర అర అంగుళం లోపు ఉంటే మేలే. మించితేనే దంతెతో దువ్వి తీయాలి, అదీ నేను రాసినట్టు మే నెల ఎండల్లో కాదు, తొలకరి పడి గరిక చురుకుగా చిగురించేటప్పుడు.