అప్పగింతలు లేని పెళ్లి వీడియో

మా అక్క పెళ్లి 2009లో, తెనాలిలో అయింది. వీడియో ఆయన మూడు డీవీడీలు చేసి, ఒక్కోదాని మీద అక్కా బావల ఫోటోతో తళతళలాడే స్టిక్కర్ అంటించి, ఎర్ర వెల్వెట్ డబ్బాలో పెట్టి ఇచ్చాడు. ఆ డబ్బా అప్పట్నుంచీ బీరువాలో పట్టుచీరల కిందే ఉంది. మొన్న సంక్రాంతికి వాళ్లు అమెరికా నుంచి వచ్చినప్పుడు అక్క అది బయటికి తీసి, "మా ఇంట్లో ఏ ల్యాప్‌టాప్‌కీ డీవీడీ డ్రైవ్ లేదురా, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇవ్వు" అంది. ఇంట్లో కంప్యూటర్ వాణ్ని నేనేగా. సరేనన్నాను.

1,800 పెట్టి యూఎస్‌బీ డీవీడీ రైటర్ కొన్నాను. నెట్‌లో వెతికితే మొదట కనిపించిన "ఫ్రీ" సాఫ్ట్‌వేర్ దించుకున్నాను. ఆ ఫ్రీ అన్నది మొదటి 5 నిమిషాలకే. గౌరీపూజ దగ్గర ఆగిపోయి, మిగతా పెళ్లి చూడాలంటే డబ్బు కట్టమంది. వాళ్లకి తిరుగు ప్రయాణం టైమైపోతోందన్న టెన్షన్‌లో కట్టేశాను, 2,600. మూడు డిస్కులూ గంటన్నరలో అయిపోయాయి. స్క్రీన్ మీద పచ్చ టిక్కు, 100 శాతం పూర్తయిందని మాట. పెన్‌డ్రైవ్ అక్క చేతిలో పెట్టి గొప్పగా ఫీలయ్యాను.

రెండు వారాల తర్వాత ఫోన్. "తలంబ్రాలు అయ్యాయి, అరుంధతీ నక్షత్రం చూపించారు, అక్కడితో ఆగిపోయింది. అప్పగింతలేవిరా?"

మూడో డిస్కులో చివరి 22 నిమిషాలు లేవు. ఆ సాఫ్ట్‌వేర్ అక్కడిదాకా వెళ్లి, చదవలేక, చదవలేకపోయానని ఒక్క ముక్కైనా చెప్పకుండా ఫైల్ మూసేసి టిక్కు పెట్టేసింది. నాకు కడుపు మండింది ఇక్కడే. డిస్కు పాడవడం దాని తప్పు కాదు. పాడైందని దాచిపెట్టడం తప్పు.

ఆ కోపంతో నెల రోజులు ఇదే పని మీద కూర్చున్నాను. తేలింది ఏంటంటే, ఈ పనికి సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు మనం అడిగేవన్నీ పనికిమాలిన ప్రశ్నలు. ఎంత స్పీడు, ఎన్ని ఫార్మాట్లు, ఫోన్‌కి సరిపడా చేస్తుందా అని అడుగుతాం. అడగాల్సింది ఒక్కటే: చదవలేని చోటు వస్తే నాకు చెబుతుందా, చెప్పదా? "టాప్ 10 డీవీడీ సాఫ్ట్‌వేర్లు" అని వచ్చే జాబితాల్లో ఈ సంగతి కనపడదు. వాటిలో చాలా మటుకు రాసేవాళ్లే అమ్మేవాళ్లు. మొదటి నంబర్ ఎవరిదో చూస్తే మీకే తెలుస్తుంది.

అసలు పెళ్లి డీవీడీకి పెద్ద సాఫ్ట్‌వేరే అక్కర్లేదు. వీడియో ఆయన రాసిన డిస్కుకి కాపీ కాకుండా వేసే తాళం ఉండదు. డిస్కు తెరిస్తే వీడియో టీఎస్ అనే ఫోల్డర్, అందులో ఒక్కోటి 1 జీబీకి మించని వీఓబీ అనే వీడియో ఫైళ్లు. ఫోల్డర్ మొత్తం కాపీ చేసి కంప్యూటర్లో పెట్టుకుంటే వీఎల్‌సీ అనే ప్లేయర్‌లో ఆడుతుంది. డిస్కు బాగుంటే పని అంతే. బాగోకపోతే విండోస్ కాసేపు బిగుసుకుపోయి "సైక్లిక్ రిడండెన్సీ చెక్" అంటుంది, అంటే డిస్కులో ఉన్నది సరిగ్గా చదవలేకపోతున్నానని. ఒకప్పుడు నెట్ సెంటర్లో సీడీలు కాపీ చేసుకున్నవాళ్లు ఈ మాట మర్చిపోయి ఉండరు. అప్పుడు తిట్టుకునేవాణ్ని, ఇప్పుడు గౌరవం పెరిగింది. కనీసం నిజం చెబుతుంది కదా.

కొంచెం పద్ధతిగా కావాలంటే డిస్కు మొత్తాన్ని, అచ్చు నకలుగా, ఒకే ఐఎస్ఓ ఫైల్‌గా తీసుకోవాలి. విండోస్‌లో దానికి ఇమ్గ్‌బర్న్ ఉంది. పాత సరుకే, చివరి వెర్షన్ 2013లో వచ్చింది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం నెక్స్ట్ నెక్స్ట్ అని గుడ్డిగా నొక్కొద్దు, పక్కన వేరే ప్రోగ్రాములు అంటగట్టిన చరిత్ర ఉంది. కానీ చదవలేని సెక్టార్ (డిస్కులో ఓ చిన్న ముక్క) వస్తే ఆగి, ఏ సెక్టారో నంబర్‌తో సహా చూపించి, మళ్లీ ప్రయత్నించనా, వదిలేయనా అని అడుగుతుంది.

మేక్‌ఎంకేవీ కూడా మంచిదే. వీడియోని మళ్లీ కుదించకుండా ఉన్నదున్నట్టు ఎంకేవీ అనే రకం వీడియో ఫైల్లో పెడుతుంది. ఒక్క మెలిక: 2 నిమిషాల కన్నా చిన్న టైటిళ్లను, అంటే డిస్కులోని విడి వీడియోల్ని, అదంతట అదే వదిలేస్తుంది. మా మొదటి డిస్కులో పెళ్లికూతుర్ని చేసిన రోజు బిట్టు నిమిషంన్నరే. సెట్టింగ్స్‌లో ఆ 120 సెకన్ల అంకె తగ్గించాకే అది బయటపడింది.

ఇక అందరూ ముందు చెప్పే హ్యాండ్‌బ్రేక్. ఉచితం, ఓపెన్ సోర్స్, నాకూ ఇష్టమే. కానీ అది బ్యాకప్ చేసేది కాదు, మార్చేది. డీవీడీలోని ఎంపెగ్-2 వీడియోని విప్పి, కొత్తగా కుదించి చిన్నది చేస్తుంది. అసలు కాపీ భద్రంగా దాచుకున్నాక, వాట్సాప్‌లో పంపడానికో టీవీలో చూడడానికో వాడుకోండి. ఆ పనిలో కూడా మన డీవీడీలు 720 బై 576, ఇంటర్‌లేస్డ్ (ఒక్కో బొమ్మ గీత విడిచి గీతగా రెండు సగాల్లో ఉంటుంది) అని గుర్తుంచుకోండి. ఆ సగాల్ని సరిచేసే డీఇంటర్‌లేస్ ఫిల్టర్ పెట్టకుండా మారిస్తే అక్షింతలు వేసే ప్రతి చేతి చుట్టూ దువ్వెన పళ్లలా గీతలు పడతాయి. మా మేనత్త చెయ్యి అలాగే ఉంది నా మొదటి కాపీలో.

ఈ కుదించే పిచ్చి మనకి ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు. అప్పట్లో కొన్న సినిమా డిస్కు రెండు పొరలది, 8.5 జీబీ. ఖాళీ డిస్కు 4.7. దాన్ని దీంట్లో ఇరికించాలంటే డీవీడీ ష్రింక్ లాంటివి తప్పేవి కావు. ఇప్పుడు 1 టీబీ హార్డ్‌డిస్కులో నిండా ఉన్న 4.7 జీబీ డీవీడీలు 200 పడతాయి. మీ ఇంట్లో పెళ్లిళ్లు, సీమంతాలు, బారసాలలు అన్నీ కలిపినా 30 డిస్కులు ఉండవు. ఎవరి కోసం కుదిస్తున్నట్టు?

కొన్న సినిమా డీవీడీల సంగతి వేరు. మోజర్ బేర్ 34 రూపాయలకే డీవీడీలు అమ్మిన రోజుల్లో మా నాన్న అట్టపెట్టె నిండా కొన్నారు. కొన్న డిస్కుల మీద చాలావాటికి సీఎస్ఎస్ అనే తాళం ఉంటుంది. ఆ తాళం 1999లోనే ఊడిపోయింది, హ్యాండ్‌బ్రేక్ మాత్రం దాని జోలికి పోదు. మన కాపీరైట్ చట్టంలో 2012లో 65ఏ సెక్షన్ చేర్చారు. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ల దాకా జైలు అంటుంది. మన డిస్కు మనం దాచుకోవడానికి తీస్తే ఏమిటన్నది లాయర్లు తేల్చాలి, నేను కాదు. అమెరికాలో ఉన్నవాళ్లకి చట్టం ఇంకా గట్టిది. నా గోల పెళ్లి డిస్కుల గురించే, వాటికి ఈ తలనొప్పి లేదు.

కానీ ముందు పాడయ్యేవి కూడా అవే. సినిమా డిస్కు అచ్చు గుద్దింది. పెళ్లి డిస్కు రంగు పూత మీద లేజర్‌తో రాసింది, ఆ పూత వయసుతో పాడవుతుంది. పైన అంటించిన స్టిక్కర్ వల్ల డిస్కు తిరిగేటప్పుడు ఊగుతుంది. ఇంకో సంగతి నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది. డీవీడీ మధ్యలోంచి మొదలై అంచు వైపు చదవబడుతుంది. మనం వేళ్లతో పట్టుకునేది, గీతలు పడేది అంచునే. నిండా రాసిన డిస్కులో అంచున ఏముంటుంది? వీడియోలో చివర ఏముంటే అది. మన పెళ్లిలో చివర అప్పగింతలు.

చివరికి పని జరిగింది డీడీ రెస్క్యూ అనే ప్రోగ్రాం వల్ల. నయాపైసా ఖర్చు లేదు, బటన్లు లేవు, నల్ల తెర మీద కమాండ్ కొట్టాలి. పెన్‌డ్రైవ్‌లోంచి విండోస్ బదులు లినక్స్ ఎక్కించి నడిపాను. బాగున్న భాగాలన్నీ ముందు లాగేసుకుని, మొండికేసిన చోట్లకి తర్వాత తీరిగ్గా తిరిగి వస్తుంది. ఎక్కడెక్కడ చదవలేదో ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది. రాత్రంతా నడిపితే 22 నిమిషాల్లో 15 దొరికాయి. ఆ మ్యాప్ ఫైల్‌తోనే మా అటక మీది పాత డెస్క్‌టాప్ డ్రైవ్‌లో పెట్టి మళ్లీ నడిపాను. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి చదువుతుంది, ఎప్పుడో కొన్న ఆ దుమ్ము పట్టిన డబ్బా కొత్తదాన్ని మించిపోయింది. చివరికి మిగిలిన చదవలేని భాగం 1 ఎంబీ కూడా లేదు. స్క్రీన్ మీద పచ్చ టిక్కేమీ రాలేదు, ఎంత పోయిందో అంకె మాత్రం ఉంది.

ఆ పోయింది ఎక్కడంటే, నాన్న అక్క చేతిని బావ వాళ్లమ్మగారి చేతిలో పెట్టే చోట. బొమ్మ రెండు సెకన్లు గడ్డకట్టి, మళ్లీ కదులుతుంది. అక్కకి పంపేముందు అమ్మకి చూపించి, ఇంతకంటే రాలేదమ్మా అన్నాను.

"ఆగితే ఆగనీరా," అంది. "మీ నాన్న ఆ రోజూ అలాగే నిలబడిపోయారు."