కేబుల్‌కు కబురు, కాలనీకి గుంత

2023 మార్చి 22న ప్రధానమంత్రి న్యూఢిల్లీలో ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ యాప్‌ను ప్రారంభించినప్పుడు కేంద్ర ప్రభుత్వం చెప్పిన కారణం సూటిగానే ఉంది. ఎవరికి వారు సమన్వయం లేకుండా తవ్వుకుంటూ పోవడం వల్ల ఆప్టికల్ ఫైబర్ కేబుళ్ల వంటి భూగర్భ ఆస్తులు దెబ్బతిని ఏటా సుమారు 3,000 కోట్ల రూపాయల నష్టం వాటిల్లుతోందని, అందువల్ల తవ్వబోయేవారు ముందుగా యాప్‌లో వివరాలు నమోదు చేయాలని, ఆ చోట భూమిలో ఎవరి ఆస్తులున్నాయో వారికి ఎస్ఎంఎస్, ఈ-మెయిల్ ద్వారా సమాచారం చేరుతుందని చెప్పారు. ఆ ఏడాది జనవరిలోనే వెలువడిన టెలిగ్రాఫ్ మౌలిక వసతుల భద్రతా నియమాలు ఈ ముందస్తు సమాచారాన్ని చట్టపరమైన బాధ్యతగా మార్చాయి. మంచి ఏర్పాటే. అయితే ఈ ఏర్పాటులో ఒక్కరికే చోటు లేదు. ఏ వీధిని తవ్వుతున్నారో ఆ వీధిలో నివసించేవారికి! భూమిలో ఉన్న తీగ యజమానికి ముందే కబురు అందుతుంది. ఆ తీగ మీదుగా రోజూ నడిచే మనిషికి మాత్రం పొద్దున్నే తలుపు తీశాక ఎదురుగా జేసీబీ కనిపిస్తుంది.

కొత్తగా వేసిన రోడ్డును నెల తిరక్కుండానే తవ్వేయడం, పైపు వేసిన చోట మట్టి కప్పి వెళ్లిపోవడం, మొదటి వానకే ఆ మట్టి కుంగి గుంత తేలడం హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా విశాఖపట్నంలోనైనా పాఠకులకు వివరించి చెప్పవలసిన సంగతులు కావు. దీనంతటికీ అధికారులు ‘శాఖల మధ్య సమన్వయ లోపం’ అని ఒక పేరు పెట్టారు, ఆ లోపాన్ని సరిదిద్దడానికి సమీక్షా సమావేశాలు జరుపుతూనే ఉన్నారు. జలమండలి, విద్యుత్ పంపిణీ సంస్థ, గ్యాస్ పైపులైన్ల సంస్థ, టెలికాం కంపెనీలు, నగరపాలక సంస్థ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటే సమస్య తీరిపోతుందన్నది ఆ సమావేశాల వెనుక ఉన్న నమ్మకం. వారు కూర్చోవడం అవసరమే, కాదనడం లేదు. కానీ అసలు లోపం మరోచోట ఉంది. తవ్వకం అనేది తవ్వే సంస్థకూ అనుమతి ఇచ్చే సంస్థకూ మధ్య జరిగే లావాదేవీ అని మన చట్టాలూ కార్యాలయాలూ భావిస్తున్నంత కాలం ఎన్ని సమావేశాలు జరిగినా వీధి మనిషి ఆ లావాదేవీకి బయటి వ్యక్తిగానే మిగిలిపోతాడు.

కేంద్రం చెప్పిన 3,000 కోట్ల రూపాయలు భూమిలోని ఆస్తులకు జరిగిన నష్టం. వాకిట్లో కందకం తవ్వడం వల్ల పది రోజులు గిరాకీ లేక కూర్చున్న కిరాణా దుకాణం, గుంతలో చక్రం విరిగిన ఆటో, డయాలసిస్‌కు వెళ్లవలసిన రోజున అంబులెన్సు వీధి మొగలో ఆగిపోయిన ఇల్లు, రాత్రిపూట బారికేడ్ లేని గోతిలో పడిన ద్విచక్ర వాహనదారు ఆ లెక్కలో లేరు. కంపెనీలకు జరిగిన నష్టం అంకెల్లోకి ఎక్కింది కనుక వాటికి యాప్ వచ్చింది, నియమాలు వచ్చాయి. ఎవరూ లెక్కగట్టని నష్టం నష్టంగానే గుర్తింపు పొందలేదు.

చట్టాలను వరుసగా చూస్తే ఈ వివక్ష ఎంత పాతదో అర్థమవుతుంది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం పదో సెక్షన్ తీగలు వేసేటప్పుడు వీలైనంత తక్కువ నష్టం కలిగించాలని, స్థానిక సంస్థ అధీనంలోని ఆస్తుల విషయంలో ఆ సంస్థ అనుమతి తీసుకోవాలని చెప్పింది. పని ఎప్పుడు చేయాలో, ఏ పద్ధతిలో చేయాలో షరతులు పెట్టే అధికారాన్ని 12వ సెక్షన్ స్థానిక సంస్థకే ఇచ్చింది. 2003 విద్యుత్ చట్టం 67వ సెక్షన్ కూడా వీధులు తవ్వే అధికారం లైసెన్సీకి, అంటే లైసెన్సు పొందిన విద్యుత్ సంస్థకు ఇస్తూనే, సాధ్యమైనంత తక్కువ అసౌకర్యం కలిగించాలని, నష్టానికి పరిహారం చెల్లించాలని ఆదేశించింది. ఆ తరువాత వచ్చిన 2016 టెలిగ్రాఫ్ రైట్ ఆఫ్ వే (తీగలు వేసుకునే దారి హక్కు) నియమాలు మరో అడుగు ముందుకు వేసి, దరఖాస్తుపై 60 రోజుల్లోగా నిర్ణయం రాకపోతే అనుమతి లభించినట్టే భావించవచ్చని ప్రకటించాయి. అంటే కార్యాలయం మౌనం కంపెనీకి అనుమతి పత్రంతో సమానం. అదే కార్యాలయం పౌరుడి విషయంలో మౌనం వహిస్తే దానికి చట్టంలో ఏ ఫలితమూ లేదు. కంపెనీ కోసం గడియారం పెట్టిన చట్టం కాలనీ కోసం కనీసం ఒక కాగితం అంటించమని చెప్పలేదు.

తవ్వకాల దగ్గర అప్పుడప్పుడు కనిపించే రేకు బోర్డును ఇక్కడ ప్రస్తావించకుండా ఉండలేను. ‘పనులు జరుగుచున్నవి, అసౌకర్యమునకు చింతిస్తున్నాము’ అని ఉంటుంది. చింతిస్తున్నది ఎవరో ఉండదు, ఆ చింత ఏ తేదీ వరకు కొనసాగుతుందో అసలే ఉండదు.

ముందస్తు నోటీసు విలువ అంతా ఆ తేదీలోనే ఉంది. తవ్వకం మొదలయ్యే రోజు, ముగిసే రోజు, రోడ్డును తిరిగి పూర్వస్థితికి తెచ్చే రోజు, చేస్తున్న సంస్థ పేరు, బాధ్యుడైన ఇంజినీరు ఫోన్ నంబరు ముందే వీధి మొగలో రాసిపెట్టి ఉంటే, ఆ క్షణం నుంచే ఆలస్యం అనేది రుజువు చేయదగిన విషయమవుతుంది. తేదీ లేని పనికి ఆలస్యం ఉండదు. కాలనీ సంక్షేమ సంఘం ఫిర్యాదు చేయబోతే ‘పని నడుస్తోందండీ’ అనే సమాధానంతో సరిపెట్టగలుగుతున్నది ఇందువల్లనే. రోడ్డును తిరిగి బాగుచేయడానికయ్యే రీస్టోరేషన్ ఛార్జీలు కట్టేశాం కనుక రోడ్డు సంగతి కార్పొరేషన్ చూసుకోవాలని తవ్విన సంస్థ, మాకు గుంత అప్పగించలేదని కార్పొరేషన్ ఒకరినొకరు చూపించుకోగలుగుతున్నదీ ఇందువల్లనే.

బ్రిటన్‌లో 1991లో వచ్చిన న్యూ రోడ్స్ అండ్ స్ట్రీట్ వర్క్స్ చట్టం ఈ కిటుకును గ్రహించింది. పెద్ద పనులకు మూడు నెలల ముందే సమాచారం ఇవ్వాలి. చెప్పిన గడువు దాటితే రోజుల లెక్కన రుసుము కట్టాలి. పూడ్చిన చోటుకు రెండేళ్లు, లోతైన తవ్వకమైతే మూడేళ్లు ఆ సంస్థే పూచీ వహించాలి. 2020 నుంచి ఇంగ్లండ్‌లో ఈ వివరాలన్నీ స్ట్రీట్ మేనేజర్ అనే ప్రభుత్వ డిజిటల్ సేవలో నమోదవుతూ, ఎవరైనా వాడుకోగల బహిరంగ సమాచారంగా లభిస్తున్నాయి. అక్కడి రోడ్లపై గుంతలు లేవని అనడం లేదు; ఆ దేశపు పత్రికలు చదివేవారికి ఆ సంగతి తెలుసు.

ఆ చట్టంలో మనం ముఖ్యంగా చూడవలసింది 58వ సెక్షన్. అది నోటీసును తిరగేసింది. రోడ్డును పెద్ద ఎత్తున కొత్తగా వేయబోయే అధికార సంస్థ కనీసం మూడు నెలల ముందు ప్రకటన జారీ చేస్తుంది: ఫలానా వీధిని బాగు చేస్తున్నాం, పైపులూ కేబుళ్లూ వేయవలసినవారు ఈ లోపే వేసుకోండి, ఆ తరువాత నిర్ణీత కాలం పాటు తవ్వనివ్వం. రోడ్డు పునర్నిర్మాణమైతే ఆ నిషేధం ఐదేళ్ల వరకు ఉండవచ్చు. కొత్త రోడ్డును తవ్వేయడం మన దగ్గర విధిరాతలా కనిపిస్తోంది కానీ, దానికి విరుగుడు ఇంత చిన్నది. హైదరాబాద్‌లో సమగ్ర రోడ్ల నిర్వహణ కార్యక్రమం కింద 709 కిలోమీటర్ల ప్రధాన రహదారులను ఐదేళ్లపాటు ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించినప్పుడు ఏ రోడ్డును ఎప్పుడు వేయాలన్న ప్రణాళిక తప్పనిసరిగా అవసరమైంది. ఆ పని ప్రధాన రహదారులకు సాధ్యమైనప్పుడు, కాలనీల సీసీ రోడ్లకు ఏటా ముందుగా ఒక జాబితా ప్రకటించడం అసాధ్యమని ఎవరూ నమ్మించలేరు.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. మంచినీటి పైపు పగిలినప్పుడో, కేబుల్ ఫాల్టుతో వీధంతా చీకటైనప్పుడో నోటీసు ఇచ్చి కూర్చోలేమని ఇంజినీర్లు అంటారు. ఒక్కో వీధికీ ప్రకటన అంటే ప్రాజెక్టులు సాగిపోతాయని, ప్రతి కాలనీలోనూ ఎవరో ఒకరు అడ్డుపడతారని కంపెనీలు అంటాయి. మొదటి అభ్యంతరానికి జవాబు అదే బ్రిటిష్ చట్టంలో ఉంది. అత్యవసర పని వెంటనే మొదలుపెట్టవచ్చు, మొదలుపెట్టిన రెండు గంటల్లోగా సమాచారం ఇస్తే చాలు. ఇక రెండోది. నోటీసు ఇవ్వడమంటే అనుమతి అడగడం కాదు. ఫైబర్ వద్దని ఏ కాలనీ అంటుంది? రేపు వాకిలి తవ్వుతారని తెలిస్తే బండిని ముందురోజే బయట పెట్టుకోవాలనుకుంటారు, పెళ్లి ఉన్న ఇంటివాళ్లు రెండు రోజులు ఆగమని అడుగుతారు, అంతకు మించి ఎవరూ కోరడం లేదు.

రానున్న కాలంలో ఈ అవసరం ఇంకా పెరుగుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను స్తంభాలను కూల్చివేశాక విశాఖపట్నంలో ప్రపంచ బ్యాంకు సాయంతో విద్యుత్ తీగలను భూగర్భంలోకి మార్చే పని చేపట్టారు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో శ్రీకృష్ణుడి శోభాయాత్ర రథానికి విద్యుత్తు ప్రసరించి ఐదుగురు మరణించాక, వేలాడే తీగలన్నిటినీ కిందికి దించాలన్న చర్చ మళ్లీ మొదలైంది. తీగలు భూమిలోకి పోవాలి, సందేహం లేదు. అయితే అవి భూమిలోకి పోవాలంటే నగరమంతా తవ్వాలి. అంత తవ్వకానికి ముందు ప్రజలకు చెప్పే పద్ధతి ఒకటి స్థిరపరచకపోతే, ప్రాణాలు కాపాడడానికి తలపెట్టిన పనే వీధివీధికీ గండంగా మారుతుంది.

ఇంతకీ కొత్త చట్టం కోసం ఎదురుచూడవలసిన పని కూడా లేదు. సమాచార హక్కు చట్టం వచ్చి రెండు దశాబ్దాలు దాటింది. దాని నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తాను మంజూరు చేసిన రాయితీలు, పర్మిట్లు, అనుమతులు ఎవరికి ఇచ్చిందో ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. ప్రజలపై ప్రభావం చూపే నిర్ణయాలను ప్రకటించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ వెల్లడించాలి. రోడ్డు కటింగ్ అనుమతి పర్మిట్ కాకపోతే మరేమిటి? దానికంటే నేరుగా ప్రజలను తాకే నిర్ణయం నగరపాలక సంస్థ వారంలో ఎన్నిసార్లు తీసుకుంటుంది? అదే సెక్షన్ ఈ సమాచారం స్థానిక భాషలో, ఆ ప్రాంతంలో జనానికి బాగా చేరే పద్ధతిలో ఉండాలని చెప్పి, నోటీసు బోర్డులు, పత్రికలు, బహిరంగ ప్రకటనలు, ఇంటర్నెట్ అంటూ మార్గాలు కూడా పేర్కొంది. దండోరా వేయించినా చట్టానికి సమ్మతమే! అనుమతుల కోసం ఆన్‌లైన్ పోర్టళ్లు నడుపుతున్న కార్పొరేషన్లు ఆ పోర్టల్ తలుపును దరఖాస్తుదారుల వైపు మాత్రమే తెరిచి ఉంచడం చట్టాన్ని సగం పాటించడమే.

ఈ వాదన చివరికి వీధి ఎవరిదన్న ప్రశ్న దగ్గరికి వస్తుంది. మన నగరపాలక సంస్థలు వీధికి యజమానుల్లా ప్రవర్తిస్తూ ఛార్జీలు వసూలు చేస్తున్నాయి. నిజానికి అవి ధర్మకర్తలు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల ప్రతి నగరంలోనూ వార్డు కమిటీలు ఉండాలని 243-ఎస్ అధికరణం చెబుతోంది. తన వార్డులో వచ్చే మూడు నెలల్లో ఎక్కడ తవ్వకాలు జరగనున్నాయో ఆ కమిటీ ముందు పెట్టిన సందర్భం ఏ తెలుగు నగరంలోనైనా ఎవరికైనా గుర్తుందా? ఫ్లైఓవర్లకు శంకుస్థాపనలు జరుగుతాయి, శిలాఫలకాలు వెలుస్తాయి. వాటి గురించి పౌరుడికి అందని ప్రకటన ఉండదు. అతడి వాకిట్లో తవ్వే గొయ్యి సంగతి మాత్రం అతడికి చెప్పవలసినంత పెద్ద విషయంగా ఎవరికీ తోచదు.

యంత్రాంగం లేదనే మాట కూడా నిలవదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 2న మొదలైన వార్డు సచివాలయాల్లో సదుపాయాల కార్యదర్శి, విద్యుత్ వ్యవహారాల కార్యదర్శి పోస్టులు ఏర్పాటు చేశారు. హైదరాబాద్‌లో 2023 జూన్‌లో తెరిచిన వార్డు కార్యాలయాల్లో ఇంజినీరింగ్ సిబ్బందితో పాటు జలమండలి, విద్యుత్ పంపిణీ సంస్థల సిబ్బందికీ స్థానం కల్పించారు. ఆ ఏర్పాటు ఎంతవరకు సాగిందన్నది వేరే చర్చ. వర్షాకాలంలో సాధారణంగా నిలిపివేసే రోడ్డు కటింగ్ అనుమతులను వానలు వెనకపట్టాక తిరిగి ఇవ్వడం మొదలుపెట్టేటప్పుడు కమిషనర్లు ఒక్క షరతు చేర్చితే చాలు. తవ్వబోయే వీధిలో తేదీలతో, పేర్లతో తెలుగు నోటీసు అంటించి, దాని ఫొటోను అప్‌లోడ్ చేసిన వారం తరువాతే అనుమతి అమల్లోకి వస్తుందని, నోటీసులోని ముగింపు తేదీ దాటిన ప్రతి రోజుకూ డిపాజిట్ నుంచి కోత పడుతుందని ఆ అనుమతి పత్రంలోనే రాయాలి. సమయంపైనా పద్ధతిపైనా షరతులు పెట్టడం స్థానిక సంస్థలకు 1885 నుంచి తెలిసిన పనే.